కొత్తగా వచ్చాం: కరెంటు, నీళ్లు ఆగిపోయే రోజులకు ఇంట్లో ఏం సిద్ధం చేసుకోవాలి?

అందరికీ నమస్కారం. ఈమధ్యే వేరే దేశం నుంచి ఇక్కడికి వచ్చాం. ఇద్దరం పెద్దవాళ్లం, ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. మూడు రోజులకు సరిపడా అన్నీ ఇంట్లో ఉంచుకోమంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు 1:
నీళ్లతో మొదలుపెట్టండి. టార్చి, తిండి అందరికీ గుర్తుంటాయి. కుళాయి ఆగిపోతుందని మాత్రం ఎవరికీ తట్టదు. తాగడానికి, వంటకు, కాస్త శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు. మీ నలుగురికి మూడు రోజులకు 48 లీటర్లు, అంటే 48 కిలోల బరువు. ఒకే పెద్ద డబ్బా నింపితే కదల్చలేరు. 10 లీటర్ల క్యాన్లు ఐదు కొని, ఎండ తగలనిచోట నేలమీదే పెట్టండి. పాలు వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు వద్దు, ఎంత కడిగినా పాల జిడ్డు పూర్తిగా పోదు, నీళ్లు పాడవుతాయి. మీరు పట్టిన నీళ్లను ఆరు నెలలకోసారి మార్చండి.

అవి అయిపోతే దొరికిన నీళ్లను మరిగించడమే మేలు: తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2000 మీటర్లకు పైన ఉన్న ఊళ్లలో మూడు నిమిషాలు. పొయ్యి వెలిగే దారి లేకపోతే సువాసన కలపని 5-6 శాతం (సోడియం హైపోక్లోరైట్) ద్రవ బ్లీచ్, లీటరుకు 2 చుక్కలు. మసకగా ఉంటే గుడ్డతో వడకట్టి 4 చుక్కలు. అరగంట ఆగాక లేతగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే మళ్లీ అంతే వేసి పావుగంట ఆగండి. పెట్రోలు, రసాయనాలు కలిసిన నీళ్లు దేనితోనూ బాగుపడవు, వరద నీళ్ల జోలికి పోకండి.

జవాబు 2:
పై మాటకు తోడు ఒకటి, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. కరెంటు పోయిన రాత్రుళ్లు కార్బన్ మోనాక్సైడ్ (బొగ్గు, ఇంధనం మండితే వచ్చే విషవాయువు) ప్రాణాలు తీస్తుంది. బొగ్గుల కుంపటి, క్యాంపు స్టవ్, జనరేటర్ ఇంట్లోనూ గరాజ్‌లోనూ వద్దు, తలుపులు బార్లా తీసినా సరే. జనరేటర్ ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ కిటికీలవైపు రాకుండా ఉండాలి. ఈ వాయువుకు వాసన లేదు. తలనొప్పి, వికారం ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తే వెంటనే బయటికి వచ్చి అత్యవసర నంబరుకు ఫోన్ చేయండి. పడకగదుల దగ్గర ఈ వాయువును పసిగట్టే, బ్యాటరీతో నడిచే అలారం ఉందో లేదో ఈరోజే చూసుకోండి.

ఫ్రిజ్ తలుపు తీయకపోతే చల్లదనం 4 గంటలు నిలుస్తుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్‌లో 48 గంటలు, సగమే ఉంటే 24. పాలు, మాంసం, వండినవి 4 డిగ్రీలు దాటి రెండు గంటలుంటే పారేయండి. వాసన చూసి తేల్చుకోవద్దు.

జవాబు 3:
కొత్తవాళ్లకు కాగితాలే పెద్ద చిక్కు. పాస్‌పోర్టులు, వీసా పత్రాలు, అద్దె ఒప్పందం, బీమా, మందుల చీటీలు నీళ్లు దూరని ఒకే సంచీలో పెట్టండి, ఫోటోలు ఫోన్‌లో ఉంచండి. కరెంటు లేనప్పుడు కార్డు యంత్రాలు పనిచేయవు కాబట్టి అందులోనే కొంత చిల్లర నోట్లు. ఇంటి యజమాని బీమా సాధారణంగా మీ సామానుకు వర్తించదు, అద్దెదారుల బీమా వేరే తీసుకోవాలి; అందులో వరద ఉందో లేదో అడగండి.

లైన్లు రద్దీగా ఉన్నప్పుడు కాల్ కలవకపోయినా మెసేజ్ వెళ్లే అవకాశం ఎక్కువ. పిల్లలకు అత్యవసర నంబరుతోపాటు ఇంటి చిరునామా కూడా ఇక్కడి భాషలో తడుముకోకుండా చెప్పడం నేర్పండి.