అమ్మానాన్నలతో ఆగస్టులో వారం రోజులు: మకాం వేమత్‌లోనా, సెయింట్ ఐవ్స్‌లోనా?

రెడింగ్‌వాడు

ఆగస్టులో వారం రోజులు సముద్రం ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకుని, మన వంట మనం వండుకుంటూ ఉందామని ప్లాన్. కాకినాడ నుంచి అమ్మా నాన్నా వస్తున్నారు. నాన్నకు మోకాళ్ళు బాగా లేవు, మెట్లంటే భయం. అమ్మ చిప్సూ బ్రెడ్డూ ఒక పూట సరదాగా తింటుంది, రెండో పూట అన్నం పడాల్సిందే. పిల్లలిద్దరూ ప్రైమరీ స్కూలు.

మా ఆవిడ సెయింట్ ఐవ్స్ అని పట్టు పట్టింది. కార్న్‌వాల్ చూడకుండా ఇంగ్లండ్ సముద్రం చూశామని ఏ మొహంతో చెప్తాం అంటుంది. నాకేమో డోర్సెట్‌లోని వేమత్ నయమనిపిస్తోంది, కారులో రెండున్నర గంటల్లో దిగిపోవచ్చు. ఇంట్లో తేలట్లేదు. మీరైనా తేల్చండి.

ఉప్పుగాలి

మీ ఆవిడగారి పక్షం నేను. ఆ నీళ్ళ రంగు డోర్సెట్‌లో రాదు. పైగా మీది రెడింగ్. లండన్ పాడింగ్టన్ నుంచి పెన్‌జాన్స్ వెళ్ళే రైలు మీ ఊళ్ళో ఆగుతుంది. ఎక్కి కూర్చుంటే సెయింట్ ఎర్త్ దాకా మారక్కర్లేదు. అక్కడ చిన్న రైలు ఎక్కితే పావుగంట, ఇసుక మీదుగా పోతున్నట్టే ఉంటుంది. దిగగానే స్టేషన్ కిందే పోర్త్‌మిన్‌స్టర్ బీచ్. అలలు పెద్దగా ఉండవు, పిల్లలకు హాయి. అలలు కావాలంటే ఊరికి అటువైపు పోర్త్‌మియర్ ఉంది, అది నేరుగా అట్లాంటిక్‌కి ఎదురు. వాన పడితే బొమ్మలు చూడ్డానికి టేట్ ఆర్ట్ గ్యాలరీ ఉంది, 1993 నుంచి అదే బీచ్ పైన. ఒక రోజు మరాజియన్ వెళ్ళి, ఆటు సమయంలో రాళ్ళ బాట మీద నడిచి సెయింట్ మైకేల్స్ మౌంట్ దీవి చేరుకోవచ్చు. పోటు వస్తే ఆ బాట నీళ్ళ కిందికి పోతుంది, అప్పుడు పడవే గతి. మీ నాన్నగారు కాకినాడ మనిషి, ఇది చూస్తే పొంగిపోతారు.

గోదారిగట్టు

ఉప్పుగాలి గారూ, అన్నీ చెప్పారు, కొండ సంగతి మాత్రం దాచారు. స్టేషన్ నుంచి బీచ్‌కి దిగడం సులువే, ఎక్కేది ఎవరు? సెయింట్ ఐవ్స్‌లో సముద్రానికి దగ్గరగా ఉండే ఇళ్ళన్నీ పాత జాలరి వాడలో ఉంటాయి. సందులు ఎంత ఇరుకంటే ఆగస్టులో కారు పెట్టే మాటే లేదు. పెద్ద పార్కింగ్ ఊరి నెత్తిన ఉంటుంది. సూట్‌కేసులు, బియ్యం బస్తా, మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దాయన, అన్నీ కలిపి ఆ వాలులో దింపడం చేతనైతే వెళ్ళండి.

వేమత్ ఒడ్డు బల్లపరుపు. మైలు పైగా ఎస్‌ప్లనేడ్, అంటే ఒడ్డు వెంట నడక దారి, ఒక్క మెట్టు లేకుండా నడవచ్చు, ఎక్కడ కాళ్ళు పీకితే అక్కడ బెంచీ. ఇసుక మెత్తన, నీళ్ళు చాలా దూరం మోకాలి లోతే. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. అక్కడ ఆటుపోట్ల తేడా తక్కువ, పెద్ద పోటు రోజుల్లో కూడా దాదాపు 2 మీటర్లే. సెయింట్ ఐవ్స్‌లో అది 5, 6 మీటర్ల దాకా పోతుంది. ఆటు సమయంలో హార్బర్‌లో పడవలన్నీ ఇసుక మీద పక్కకి ఒరిగి ఉంటాయి. ఫొటోకి బాగుంటుంది, కానీ పిల్లలు బకెట్ పట్టుకుని "నీళ్ళేవి నాన్నా" అంటారు. వేమత్‌లో పొద్దున వెళ్ళినా సాయంత్రం వెళ్ళినా సముద్రం ఉన్నచోటే ఉంటుంది. 1789లో మూడో జార్జి రాజుగారు ఒంట్లో బాగోక సముద్ర స్నానాలకి వచ్చింది ఇక్కడికే. విగ్రహం ఒడ్డు మీదే ఉంది.

లీడ్స్ బాబాయ్

దక్షిణం, పడమర తప్ప ఇంగ్లండ్‌కి తూర్పు తీరం లేదా? విట్‌బీ ఎవరికీ గుర్తు రాదేం? నావికుడు కెప్టెన్ కుక్ దొరగారి ఎండెవర్ ఓడ కట్టింది అక్కడ. కొండ మీద మఠం శిథిలాలు, కింద రేవు, మధ్యలో తెరుచుకునే వంతెన. ఫిష్ అండ్ చిప్స్ అంటే యార్క్‌షైర్‌దే. మేం లీడ్స్ నుంచి పొద్దున బయల్దేరి టిఫిన్ అక్కడే చేస్తాం.

గోదారిగట్టు

బాబాయ్, ఆ మఠానికి 199 మెట్లు. ప్రశ్న మళ్ళీ ఒకసారి చదువు.

లీడ్స్ బాబాయ్

కారులో వెనక నుంచి వెళ్ళొచ్చురా అబ్బాయ్, మెట్లు ఎక్కమని ఎవరన్నారు. సరే, రెడింగ్ వాళ్ళకి అయిదు గంటల ప్రయాణం, ఒప్పుకుంటా. నీళ్ళు కూడా చల్లనే, ఆగస్టులో 14, 15 డిగ్రీలు. ఊరంతా ఎండగా ఉన్నా ఒక్కోసారి సముద్రం మీద నుంచి మంచు తెర వచ్చి కూర్చుంటుంది, దాన్ని అక్కడివాళ్ళు సీ ఫ్రెట్ అంటారు. మీ వేమత్‌లో మాత్రం వేడినీళ్ళా? 17, 18 డిగ్రీలు. కాకినాడలో మునిగినవాళ్ళకి రెండూ ఐసు నీళ్ళే.

ఉప్పుగాలి

వేమత్ అంటే గేమ్ ఆర్కేడ్‌లూ, గాడిద సవారీలూ, రాత్రి పదింటికి పబ్ గోలా. వారం రోజులు దానికి డబ్బు కట్టాలా? కారు వేసుకుని లల్‌వర్త్ వెళ్తాం, డర్డిల్ డోర్ అనే రాతి తోరణం చూస్తాం అంటారు. మరి డర్డిల్ డోర్‌కి పార్కింగ్ నుంచి నిటారు దిగుడు, చివర్లో మెట్లు. పెద్దాయన పైనుంచే చూడాలి. చెసిల్ బీచ్ 18 మైళ్ళ గులకరాళ్ళ గుట్ట, ఒడ్డు దిగగానే లోతు, కాళ్ళ కింద నుంచి నీళ్ళు లాగేస్తాయి. ఈత అసలు వద్దు.

గోదారిగట్టు

చెసిల్‌లో ఈత కొట్టమని ఎవరూ అనలేదు. కట్ట మీద నిలబడి గులకరాళ్ళ చప్పుడు వినడానికి వెళ్తారు. పెద్దాయనకి పోర్ట్‌లాండ్ బిల్ చూపించండి, లైట్‌హౌస్ దగ్గర దాకా కారు వెళ్తుంది. లల్‌వర్త్ కోవ్‌కి డర్డిల్ డోర్ అంత కష్టం లేదు. పిల్లలకి చార్‌మత్‌లో శిలాజాలు ఏరుకోవడం ఒక పూట పని. కొండ చరియలు విరిగి పడతాయి కాబట్టి గోడ దగ్గరికి పోనివ్వకండి, ఒడ్డున రాళ్ళలో వెతికితే చాలు. ఆ తీరం 2001లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది, ఊరికే ఎక్కలేదు.

గాడిదల గురించి అంటారా, మీరు పెద్దవాళ్ళు కాబట్టి చిరాకు. అయిదేళ్ళ పిల్లని అడగండి.

పులిహోర పొట్లం

అందరూ ఊరి గురించే కొట్టుకుంటున్నారు. వారం రోజులు మీరు ఉండేది ఊళ్ళో కాదు, ఇంట్లో. మీ అమ్మగారు ఉండేది వంటింట్లో. అక్కడ నుంచి మొదలుపెట్టండి.

ఓనర్‌కి మెసేజ్ పెట్టి ముందు పొయ్యి ఏంటో అడగండి. ఇప్పుడు రీమోడల్ చేసిన కాటేజీలన్నిటిలో ఇండక్షనే. మనం ఇండియా నుంచి తెచ్చుకున్న అల్యూమినియం కుక్కర్ దాని మీద పెడితే ఊరికే టిక్కుటిక్కుమని ఆగిపోతుంది. ఫ్రిజ్ మీద అయస్కాంతం తీసి గిన్నె అడుగున పెట్టి చూడండి, అతుక్కుంటే పనికొస్తుంది, లేకపోతే లేదు. అడుగు గుండ్రంగా ఉన్న మూకుడు కూడా ఇంట్లో వదిలెయ్యండి. రైస్ కుక్కర్ ఒకటి పట్టుకెళ్తే సగం టెన్షన్ తగ్గినట్టే.

రెండోది పోపు. హాలూ వంటిల్లూ ఒకటే గదిగా ఉంటే ఎండుమిర్చి వేసిన నిమిషంలో స్మోక్ అలారం మొత్తుకుంటుంది, పక్కింటివాళ్ళు కిటికీ తీసి చూస్తారు. తలుపు ఉన్న విడి వంటిల్లు, తెరుచుకునే కిటికీ ఉన్న ఇల్లు చూసుకోండి. అలారం మీద గుడ్డ కప్పే తెలివితేటలు మాత్రం వద్దు. ఇంగువ, ఆవపిండి ఘుమఘుమలు వారమంతా ఉంటాయి కాబట్టి వెళ్ళే ముందు రోజు ఏమీ వేయించకండి. మా దగ్గర ఒక ఓనర్ వాసన పేరు చెప్పి డిపాజిట్‌లో కొంత కోసేశాడు. తెల్ల రాతి బల్ల మీద పసుపు పడితే వెంటనే తుడవాలి, గంట ఆగితే అది మీ పేరు మీద రాసి ఉంటుంది.

మూడోది బాత్రూమ్. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఫొటోలో షవర్ అందంగా కనిపిస్తుంది, చూస్తే అది బాత్ టబ్ పైన ఉంటుంది. నాన్నగారు ఆ గట్టు దాటి లోపలికి అడుగుపెట్టి, తడికాళ్ళతో బయటికి రావాలి, రోజూ. టబ్ లేని విడి షవర్ ఉందా, కింద అంతస్తులోనే పడకగదీ టాయిలెట్టూ ఉన్నాయా అని రాతపూర్వకంగా అడగండి. జాలరి కాటేజీల్లో మెట్లు నిచ్చెనలా ఉంటాయి, కొన్నిటిలో పడక కింద, వంటిల్లు పైన. వేమత్‌లో ఒడ్డున కనిపించే జార్జియన్ ఇళ్ళు కూడా నాలుగేసి అంతస్తులు, కాబట్టి గోదారిగట్టు గారు మరీ ఎగరక్కర్లేదు. మగ్గు మీరే పట్టుకెళ్ళండి, ఏ ఊళ్ళోనూ ఇవ్వరు.

కరివేపాకు, సోనా మసూరి, కందిపప్పు ఇంటి నుంచే. మిగతావి సూపర్‌మార్కెట్ డెలివరీ కాటేజీ అడ్రస్‌కే బుక్ చేసుకోండి. ఆగస్టు శనివారం స్లాట్లు ముందే అయిపోతాయి. ఇంటి తాళం సాయంత్రం నాలుగింటికి గానీ చేతికి రాదు, అది చూసుకుని ఆరింటి తర్వాత టైమ్ పెట్టుకోండి.

నార్ఫోక్ నేల

చదును కావాలంటే నార్ఫోక్ కదా! వెల్స్-నెక్స్ట్-ద-సీ, హోకమ్, చూసినంత మేర ఇసుక. బ్లేక్నీ నుంచి పడవలో వెళ్ళి సీల్ జంతువులను చూడొచ్చు. క్రోమర్ పీతలు ఉండనే ఉన్నాయి. ఒక్కటే జాగ్రత్త. వెల్స్‌లో ఆటుకి సముద్రం మైలు దూరం పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు వెనకనున్న పాయ ముందు నిండుతుంది. అందుకే పోటు వచ్చే ముందు సైరన్ మోగిస్తారు. మోగిందంటే బకెట్లూ పారలూ వదిలేసి రావడమే.

లీడ్స్ బాబాయ్

ఎక్కడికైనా వెళ్ళండి, సెప్టెంబరులో వెళ్ళండి. అద్దె బాగా తగ్గుతుంది, నీళ్ళు కూడా ఆగస్టు కంటే చల్లగా ఏం ఉండవు.

పులిహోర పొట్లం

బాబాయ్, మీ పిల్లలు ఉద్యోగాలు చేస్తున్నారు, వీళ్ళ పిల్లలు బడికి వెళ్ళాలి. అనుమతి లేకుండా అయిదు రోజులు మాన్పిస్తే ఒక్కో పిల్లకి, ఒక్కో పేరెంట్‌కి 80 పౌండ్లు జరిమానా, అదీ 21 రోజుల్లో కడితే. తర్వాత 160. ఇద్దరు పిల్లలు, ఇద్దరు పెద్దలు, లెక్క వేసుకోండి.

ట్రూరో సిస్టర్

ఇన్నాళ్ళూ చదివి ఊరుకునేదాన్ని, ఇది చూసి రాయాలనిపించింది. కార్న్‌వాల్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మా వార్డులో చేరిన కొత్త అమ్మాయిలకి అద్దె ఇల్లు దొరకడం గగనం. ఉన్న ఇళ్ళన్నీ వేసవి కాటేజీలే. సెయింట్ ఐవ్స్ జనం 2016లో ఓటు వేసి మరీ, కొత్తగా కట్టే ఇళ్ళు అక్కడే కాపురం ఉండేవాళ్ళకే అన్నారు. 80 శాతం పైగా సరే అన్నారు. జనవరిలో ఆ పాత సందుల్లో సాయంత్రం నడిస్తే వరసగా కిటికీలన్నీ చీకటి.

ఉప్పుగాలి

అంటే మేం రాకూడదా అండీ? మేం వస్తేనే కదా అక్కడ హోటళ్ళు, షాపులు నడిచేది.

ట్రూరో సిస్టర్

రావద్దని కాదు, రండి. పడుకునేది మాత్రం పెన్‌జాన్స్‌లో పడుకోండి. అక్కడ ఏడాదంతా జనం ఉంటారు. ప్రోమెనేడ్ చదునుగా ఉంటుంది, 1935లో కట్టిన జూబిలీ పూల్ అనే ఈత కొలను దాని పక్కనే. న్యూలిన్ చేపల రేవు మైలు దూరం. వేసవిలో మాకరెల్ తాజాగా దొరుకుతుంది, మన కానాగంతకి దగ్గర చుట్టం, పులుసుకి భేషుగ్గా ఉంటుంది. ఇసుక కావాలంటే మరాజియన్ వైపు ఉంది. సెయింట్ ఐవ్స్‌కి ఒక రోజు రైల్లో వెళ్ళి, ఫొటోలు దిగి, సాయంత్రం వచ్చెయ్యండి. రెడింగ్ రైలు ఎలాగూ పెన్‌జాన్స్ దాకా వస్తుంది, మధ్యలో దిగక్కర్లేదు. అందమైన ఊళ్ళో తిరగాలి గానీ, సంసారం పెట్టేది పనిచేసే ఊళ్ళోనే.

గోదారిగట్టు

ఈ మాట నేను కాదనలేను. వేమత్ గురించి నేను చెప్పిందీ అదే కదా.

ఉప్పుగాలి

మీరు చెప్పింది అది కాదు. మీరు గాడిదల గురించి చెప్పారు.

రెడింగ్‌వాడు

అందరికీ థాంక్స్. పులిహోర పొట్లం గారి ప్రశ్నలన్నీ కాపీ చేసి ఇద్దరు ఓనర్లకి పంపాం. పెన్‌జాన్స్ ఇల్లు: ఇండక్షన్, షవర్ టబ్ పైన, పడకగదులన్నీ మేడ మీద. వేమత్: కింద అంతస్తు ఫ్లాట్, గ్యాస్ పొయ్యి, విడి షవర్, ఒడ్డు నుంచి రెండు వీధుల అవతల. సముద్రం కనిపించదు, కానీ వంటింటికి తలుపు ఉంది. శనివారం నుంచి శనివారానికి బుక్ చేసేశాం.

మా ఆవిడ ఒక షరతు పెట్టింది. అక్టోబరు హాఫ్ టర్మ్ బడి సెలవుల్లో మేం నలుగురం రైల్లో పెన్‌జాన్స్ వెళ్ళాలి. ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డ్ తీసుకుంటే పెద్దల టికెట్ మూడో వంతు తగ్గుతుంది, పిల్లలది 60 శాతం, కాబట్టి ఒప్పుకున్నాను. నాన్నని ఫోన్‌లో అడిగితే ఆయన ఊరి పేరు కూడా వినలేదు, పీతలు దొరుకుతాయా అన్నారు.

గోదారిగట్టు

దొరుకుతాయని చెప్పండి. పోర్ట్‌లాండ్ పీతలు పెద్దవి, డొప్ప గట్టిది, మీ వంటింట్లో సుత్తి ఉండదు. చిన్నది ఒకటి కారులో వేసుకోండి.