గేర్ ఆయిల్ సొంతంగా మార్చినంక గర్రుమంటోంది: తప్పు ఆయిల్‌దా, చేతిదా, గేర్‌బాక్స్‌దా?

హయత్‌నగర్ డీసీఎం

అన్నలూ, నాది 14 అడుగుల డీసీఎం, చిన్న లారీ. బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయల లోడు కొడ్త. పోయిన ఆదివారం గేర్‌బాక్స్ ఆయిల్ నేనే మార్చిన. మా ఇంటి ముందట ముందు టైర్ల దిక్కు జాకీ పెట్టి లేపి, కిందికి దూరి డ్రెయిన్ నట్టు తీసిన. పాతది నల్లగ కారింది. మళ్ల బిగించి, పైన నింపే నట్టు నుంచి కొత్తది పోసిన. కొంచెం సేపటికే బయటికి కారుడు మొదలైంది. ఫుల్ అయిందనుకొని నట్టు బిగించిన. ఐదు లీటర్ల డబ్బాల సగం మిగిలింది.

సోమవారం తెల్లారుజామున మూడున్నరకు బండి తీస్తే, రెండు నుంచి మూడుకు వేసినప్పుడల్ల గర్ర్ మంటుంది. వేడెక్కినంక గర్రు కొంచెం తగ్గింది గని మూడు, నాలుగు గేర్లల సన్నగ ఊళ వేసినట్టు సౌండ్. శనివారం దాకా ఇవేం లేవు. ఒక షెడ్డుకు తీస్కపోతే చూడక ముందే "బాక్స్ దించాలె, ముప్పై వేలు అయితది" అన్నరు. నా దగ్గర ఇప్పుడు అంత లేదు, బండి ఆగితే కిస్తీ ఆగుతది. నేను ఆయిల్ మార్చుడే తప్పయిందా? డబ్బా మీద 80డబ్ల్యూ-90 (చిక్కదనం నంబరు), జీఎల్-5 (ఆయిల్ రకం) అని ఉంది.

మేడ్చల్ ట్రాన్స్‌పోర్ట్

తప్పే తమ్ముడూ, బాధపడకు గానీ తప్పే. లక్షల కిలోమీటర్లు తిరిగిన బాక్స్‌లో పాత ఆయిల్‌ను కదిలించకూడదు. ఆ చిక్కదనంతోనే అరిగిన పళ్లు సర్దుకుని నడుస్తుంటాయి. కొత్త ఆయిల్ పల్చగా వెళ్లి ఆ మడ్డినంతా కడిగేస్తుంది. మా దగ్గర రెండు బండ్లకు ఇలాగే అయింది. ఆయిల్ మార్చిన నెలలోపే బాక్స్ దించాల్సి వచ్చింది. అప్పటి నుంచి మా వాళ్లకు ఒకటే చెప్తాను: లీకైతే పైన పోయండి, మొత్తం తీయకండి. ఇంటి ముందు జాకీ మీద ఈ పనులు అసలే వద్దు.

రాణిగంజ్ ఆయిల్ కౌంటర్

ఆయిల్‌ను అనకండి అన్నా. జీఎల్-5 అంటే జీఎల్-4 కంటే పైది. మా దగ్గర చాలామంది గేర్‌బాక్స్‌కు, క్రౌన్‌కు (వెనక ఇరుసు గేర్లకు) కలిపి ఒకే డబ్బా తీసుకపోతరు. ఎవరూ తిరిగొచ్చి కంప్లయింట్ చెయ్యలేదు. బాక్స్ లోపల ముందే పోయి ఉంటది.

పాత మిస్త్రి, ఆటోనగర్

తమ్ముడూ, బాక్స్ దించనియ్యకు. ముందు ఇది పూర్తిగా చదువు.

శనివారం దాకా బాగున్న బండి సోమవారం పాడైందంటే, ఆదివారం నీ చెయ్యి ఎక్కడెక్కడ పడ్డదో ముందు అక్కడ చూడాలె. నీ మాటల్ల నా కంటికి మొదట తగిలింది జాకీ. ముందు దిక్కు లేపితే లోపల ఆయిల్ అంతా వెనక్కి జరుగుతది. నింపే నట్టు బాక్స్ వెనక సగంల ఉన్నదనుకో, నిండక ముందే అక్కడ నుంచి కారుతది. నువ్వు ఫుల్ అనుకున్నవు. అది సగం కూడా అయి ఉండకపోవచ్చు. పుస్తకంల నీ బాక్స్‌కు ఎన్ని లీటర్లని రాసి ఉందో చూసి, డబ్బాల మిగిలిందానితో సరిచూసుకో.

ఆ ఊళ ఎక్కడిదో చెప్త. ఈ బాక్సులల్ల ఆయిల్‌ను తోసే పంపు లాంటిది సాధారణంగ ఉండదు. కింది షాఫ్టు పళ్లు ఆయిల్‌ల మునిగి తిరుగుతూ పైకి చిమ్ముతయి. ఆ చిమ్మిందే పై షాఫ్టు బేరింగులకు తిండి. లెవెల్ తగ్గితే చిమ్ముడు తగ్గుతది, పైన ఆరిపోతది. ఊళ వేస్తున్న బండిని లోడు మీద నడపకు. ఈ ఒక్క మాట విను. ఈ రోజే చూసుకో.

చదునుగ ఉన్న సిమెంటు గచ్చు మీద బండి పెట్టు, నాలుగు దిక్కుల టైర్లు నేల మీదనే ఉండాలె. డీసీఎం కిందికి జాకీ లేకుండనే దూరొచ్చు. ఇంజన్ ఆపి పది నిమిషాలు ఆగు. నింపే నట్టు తీసి చూపుడు వేలు లోపలికి పెట్టి మొదటి కణుపు దగ్గర కిందికి వంచు. రంధ్రం కింది అంచుకు సమానంగ ఆయిల్ తగలాలె. తగలకపోతే అంచు దాకా పొయ్యి. ఎక్కువైనా మంచిది కాదు. నురగొస్తది, వేడెక్కుతది, బ్రీదర్ (గాలి పోయే రంధ్రం) నుంచో సీల్ నుంచో తన్నుకొస్తది. క్లచ్ ప్లేట్ మీద పడ్డదంటే ఇంకో ఖర్చు. ఇంకొకటి గుర్తు పెట్టుకో, ఎప్పుడైనా నింపే నట్టు ముందు తియ్యాలె, డ్రెయిన్ నట్టు తర్వాత. పైది జామ్ అయి రాకపోతే ఖాళీ బాక్స్‌తో రోడ్డు మీద కూసుంటవు.

ఇగ గర్రు సంగతి. దానికి క్లచ్ కూడా కారణం కావచ్చు, అది పైసా లేకుండ తేలుతది. ఇంజన్ ఆపి అన్ని గేర్లు వేసి చూడు. మెత్తగ పడితే రాడ్లు, కేబుల్ బాగున్నట్టే. కింద పని చేస్తుంటే మోచెయ్యి తగిలి కేబుల్ పిన్ను జరుగుడు నేను చూసిన, అందుకే చెప్తున్న. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగ తొక్కి ఐదు లెక్కపెట్టి రివర్స్ వెయ్యి. చాలా బండ్లల్ల రివర్స్‌కు సింక్రో (పళ్లు కలిసే ముందు వేగాలు సమానం చేసే రింగు) ఉండదు కాబట్టి క్లచ్ సరిగ విడవకపోతే అక్కడ గర్రుమని తెలిసిపోతది. అట్లయితే క్లచ్ ఆయిల్, కింది సిలిండర్ చూడాలె. రివర్స్ మెత్తగ పడితే క్లచ్‌కు దోషం లేదు.

రాణిగంజ్ భాయ్, మీ మాటకు ఒప్పుకోను. జీఎల్-5 అనేది జీఎల్-4 మీది మెట్టు కాదు. క్రౌన్‌ల పళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ బరువు మోస్తయి. అక్కడ ఇనుము ఇనుమును రాయకుండ ఉండాలని గంధకం, భాస్వరం మందులు జీఎల్-5ల ఇంచుమించు రెండింతలు కలుపుతరు. గేర్‌బాక్స్‌ల పని దీనికి ఉల్టా. సింక్రో ఇత్తడి రింగు చేతిల పట్టుకొని లోపలి దిక్కు వేలితో తడిమి చూడండి. చీర జరీ అంచు తగిలినట్టు సన్నటి గీతలుంటయి. ఆ గీతలు ఆయిల్ పొరను కోసి గేర్ కోన్‌ను పట్టుకోవాలె, దాని వేగం తగ్గించాలె. అప్పుడే పళ్లు కలుస్తయి. మరీ జారుడు ఆయిల్ పోస్తే రింగుకు పట్టు దొరకదు, గర్ర్ మంటది. కౌంటర్ దగ్గర తిరిగొచ్చి చెప్పేవాళ్లు లేరంటే, వాళ్లు మా దగ్గరకు వచ్చినట్టు.

కాటేదాన్ గేర్‌బాక్స్ పని

లెవెల్ గురించి మిస్త్రి గారు చెప్పింది నూటికి నూరు నిజం. జీఎల్-5 మీద మాత్రం ఒక మాట. అది ఇత్తడిని తినేస్తుందని అందరూ భయపెడతారు. ఇప్పటి ఆయిల్స్‌లో రాగి, ఇత్తడి తుప్పు పట్టకుండా కూడా మందు కలుపుతున్నారు. వారంలో రింగు కరిగిపోదు. తమ్ముడికి వచ్చిన గర్రు జారుడు వల్లనో, చల్లటి పొద్దున చిక్కదనం వల్లనో అయి ఉండాలి. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 రెండూ రాసిన ఆయిల్స్ కూడా దొరుకుతాయి, కొన్ని బాక్సులకు కంపెనీ వాళ్లే వేరే గ్రేడు రాస్తారు. కాబట్టి నా మాట, షాపు మాట కాకుండా బండి పుస్తకం మాట వినాలి. తిరగేసి క్రౌన్‌లో ఉత్త జీఎల్-4 పోస్తే మాత్రం అది ఇంతకంటే పెద్ద నష్టం, పళ్లు గీరుకుపోతాయి.

తమ్ముడూ, డ్రెయిన్ నట్టుకు అయస్కాంతం ఉంటుంది కదా, దాని మీద ఏముందో చూశావా?

హయత్‌నగర్ డీసీఎం

చూసిన అన్నా. కాటుక లెక్క మెత్తగ, బూడిద రంగుల ఉండె. గుడ్డతో తుడిచేసిన. ముక్కలేం లేవు.

కాటేదాన్ గేర్‌బాక్స్ పని

అది మామూలు అరుగుదల, భయం లేదు. ఇత్తడి అయస్కాంతానికి అంటుకోదు. తీసిన ఆయిల్ ఉంటే స్టీలు గిన్నెలో కొంచెం పోసి ఎండలో పెట్టి వంచి చూడు. బంగారు పొడిలాంటి మెరుపు (రింగు నుంచి అరిగిన ఇత్తడి) ఎంత ఉందో రాయి.

మేడ్చల్ ట్రాన్స్‌పోర్ట్

మిస్త్రి గారూ, నా రెండు బండ్ల సంగతి ఏమంటారు? ఆయిల్ మార్చాకే కదా పోయాయి.

పాత మిస్త్రి, ఆటోనగర్

ఒకటి అడుగుత, గుర్తు చేసుకొని చెప్పండి. ఆ బండ్లకు ఆయిల్ ఎందుకు మార్పించిన్రు? సౌండ్ వస్తుందనే కదా? బాక్స్ మొర పెట్టుకున్నంక మార్చిన ఆయిల్ మీదనే అందరు నింద వేస్తరు. సౌండ్ రాక ముందు, పుస్తకంల రాసిన కిలోమీటర్లకు మార్చిన బండ్లు మీ దగ్గర ఎన్ని పోయినయో లెక్క తియ్యండి. ఇంకోటి, మడ్డితో పళ్లు నిలబడతయనే మాట ఆటోమేటిక్ బాక్సుల క్లచ్ ప్లేట్ల గురించి పుట్టింది, అక్కడ కూడా తెగని వాదనే. మన చేతి గేర్ల బాక్స్‌ల ఆ పొడి చేసేది బేరింగులను గీరుడు ఒక్కటే.

జాకీ గురించి మీరన్నది మాత్రం నూరు శాతం నిజం. ఒక్క జాకీ మీద బండి లేపి కింద పడుకోకు తమ్ముడూ. తప్పదంటే స్టాండ్లు పెట్టు. ఆయిల్ పోతే కొనుక్కుంటవు.

మేడ్చల్ ట్రాన్స్‌పోర్ట్

ఒకదానికి సౌండ్ వస్తుందనే మార్పించాం, నిజం. రెండోది గుర్తు లేదు.

హయత్‌నగర్ డీసీఎం

నాలుగు రోజులైంది, రాస్తున్న.

మొదటి రోజే పెట్రోల్ బంకు పక్కన గచ్చు మీద పెట్టి చూసిన. వేలు పెడితే ఏం తగలలే. లీటరున్నర పైన పట్టింది. నట్టు బిగించి హైవే మీద ఖాళీగ పది కిలోమీటర్లు పోయిన, ఊళ పోయింది. నిజంగ పోయింది, అద్దాలెక్కించి రేడియో బంద్ చేసి విన్న. క్లచ్ చూసిన, రివర్స్ మెత్తగనే పడ్డది. కానీ తెల్లారి గర్రు అట్లనే ఉండె.

పుస్తకంల జీఎల్-4 అనే ఉంది. నిన్న మళ్ల మొత్తం తీసి అదే పోసిన, ఈసారి నేల మీదనే, పైన నట్టు ముందు తీసిన. ఇయ్యాల తెల్లారి మొదటి రెండు సార్లు కొంచెం తగిలింది, గంట తర్వాత లేదు. ఎండల గిన్నె పెట్టి చూసిన, మెరుపు కొద్దిగ ఉంది, చిటికెడు కూడ కాదు. ముప్పై వేలు ఆగినయ్ అన్నా, మా ఇంట్ల చెప్తే మా అమ్మ మీకు దండం పెట్టమన్నది.

మేడ్చల్ ట్రాన్స్‌పోర్ట్

సంతోషం తమ్ముడూ. నేను ఇంకా అంటాను, పొద్దున తగిలే ఆ గర్రు అరిగిన రింగుదే. ఈ రోజు కాకపోతే ఏడాదికి బాక్స్ దించాల్సిందే.

పాత మిస్త్రి, ఆటోనగర్

రింగు అరిగి ఉండొచ్చు, అది నేను కాదనను. ఏడాది నడిస్తే ఏడాది కిరాయి వస్తది. పొద్దున మొదటి కిలోమీటర్ రెండుల నుంచి మూడుకు రెండు సార్లు క్లచ్ తొక్కి వెయ్యి: న్యూట్రల్‌కు తెచ్చి క్లచ్ వదిలి, మళ్ల తొక్కి మూడుకు పో. 500 కిలోమీటర్లకు ఒకసారి వేలు పెట్టి లెవెల్ చూడు, డ్రెయిన్ నట్టు దగ్గర చెమ్మ ఉంటే వాషర్ మార్చు.

తీసిన ఆయిల్ మోరీల పొయ్యకు. వాడిన ఆయిల్ 2016 రూల్స్ ప్రకారం ప్రమాదకర వ్యర్థం, నాలాల కలిస్తే మూసీ దాకా పోతది. డబ్బాల పోసి మూత పెట్టి ఆటోనగర్ దిక్కు వచ్చినప్పుడు పట్టుకరా, మా డ్రమ్ముల పోద్దాం. వచ్చినప్పుడు బండి స్టార్ట్ చేసి ఒకసారి నాకు వినిపియ్యి.