పికాచో పీక్‌లో పాపీ పూలు ఒక్కటీ విచ్చుకోలేదు, ఎందుకు?

చాండ్లర్ కోడలు:
మా అత్తమ్మ ఖమ్మం నుంచి వచ్చారు. ఎండలు ముదరకముందే అరిజోనా పూలు చూపిద్దామని మొన్న శనివారం పికాచో పీక్ స్టేట్ పార్కుకి తీసుకెళ్లాం. పార్కింగ్ దొరకదేమోనన్న టెన్షన్‌తో ఎనిమిదింటికల్లా అక్కడున్నాం. ఒక్క పువ్వు విచ్చుకుని ఉంటే ఒట్టు! అన్నీ మూసిన గొడుగుల్లా చుట్టుకుపోయి ఉన్నాయి. "దీనికోసమా నన్ను పొద్దున్నే లేపావు?" అన్నారు. పైగా వంగి చూసి, "ఇది మన చేలగట్ల మీది బలురక్కసే కదే, ముళ్లు లేవంతే" అని తేల్చేశారు. సీజన్ అయిపోయిందా? అత్తమ్మ మాట నిజమేనా?

టూసాన్ బాబాయ్:
సీజన్ కాదమ్మా, టైమ్ తప్పింది. ఈ మెక్సికన్ గోల్డ్ పాపీలు రాత్రికి ముడుచుకుని, ఎండ బాగా తగిలాకే విప్పుతాయి. మబ్బు పట్టినా, గాలి కొట్టినా అంతే. నేనైతే పదకొండు దాటాకే బయల్దేరతా. అన్నట్టు, చలికాలంలో వానలు సరిగా పడని ఏడు మధ్యాహ్నం వెళ్లినా పెద్దగా ఏమీ ఉండదు. విత్తనం నేలలోనే పడి ఉంటుంది.

రిటైర్డ్ బాటనీ:
అత్తగారికి నూటికి తొంభై మార్కులు. రెండూ గసగసాల కుటుంబమే. బలురక్కసి శాస్త్రీయ నామం ఆర్జిమోన్ మెక్సికానా, అంటే మన గట్ల మీదికొచ్చింది మెక్సికో వైపు నుంచే. కాడ తుంచితే పసుపు పాలు కారతాయి. గింజ అచ్చం ఆవగింజే. 1998లో ఢిల్లీలో ఆ గింజల నూనె ఆవనూనెలో కలిసి ఎంతోమందికి కాళ్లు వాచాయి, ప్రాణాలూ పోయాయి.
ఈసారి రేకుల కింద చూడండి. కాలర్‌లా అంచు ఉంటే మీరు చూసింది మెక్సికన్ గోల్డ్ పాపీ. అంచు లేకుండా, ఆకులన్నీ మొదట్లోనే గుబురుగా ఉండి, ఆకుల్లేని కాడకి ఒక్క పువ్వే ఉంటే అది డెజర్ట్ గోల్డ్ పాపీ.

చాండ్లర్ కోడలు:
నిన్న మిట్టమధ్యాహ్నం మళ్లీ వెళ్లాం. కొండ వాలు పసుపు ఆరబోసినట్టుంది! కాలర్ కూడా కనిపించింది. ఒక మొగ్గ విచ్చుకుంటూ, నెత్తిమీది ఆకుపచ్చ టోపీని పైకి నెట్టేస్తోంది. రాలిన టోపీ ఒకటి అత్తమ్మ అరచేతిలో పెట్టుకుని చూపించారు. గోరంత శనక్కాయల పొట్లంలా ఉంది. "ఏమన్నా అను, బలురక్కసే" అంటూనే నలభై ఫొటోలు ఖమ్మం గ్రూపులో పెట్టేశారు.