కొత్తగా మెహందీ నేర్చుకునేవాళ్లు షాపు కోన్‌తో మొదలుపెట్టొచ్చా, కలుపుకోవాల్సిందేనా?

కొత్తచెయ్యి:
చెల్లి మెహందీ నేర్చుకుంటానంటోంది. షాపు కోన్ చాలని కొందరు, ముందు పొడి కలపడం నేర్చుకోమని కొందరు. ఏది మేలండీ?

విశాఖ గోరింట:
కలుపుకోవడమే. రాజస్థాన్‌లోని సోజత్ నుంచి వచ్చే గోరింటాకు పొడి 100 గ్రాములు తీసుకోండి. తలకు పెట్టే పొడి వద్దు, బరకగా ఉంటుంది. పంచదార 15 గ్రాములు, నీలగిరి తైలం 25 మి.లీ., నీళ్లు పావు లీటరు దాకా, కొద్దికొద్దిగా పోస్తూ కలపాలి. మూతపెట్టి ఎండాకాలమైతే ఐదారు గంటలు, చలికాలమైతే రాత్రంతా ఉంచాలి. పైపొర గోధుమరంగుకు తిరిగి, గరిటెతో తిప్పితే లోపల పచ్చగా కనిపిస్తే రంగు దిగినట్టే. ఆ తర్వాత నైలాన్ సాక్సులో పోసి పిండాలి. ఇది మానేస్తే నలక కోన్ మొనకు అడ్డుపడుతుంది. గట్టిగా నొక్కుతాం, ఒక్కసారిగా ముద్ద పడుతుంది. పిల్లలు తప్పు తమ చేతిదే అనుకుంటారు.

నిజామాబాద్ అక్క:
పంచదార 15 గ్రాములేంటండీ! ఆరగానే పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. 30 వెయ్యాల్సిందే.

విశాఖ గోరింట:
మీ ఎండలకు 30 సరే అక్కా. ఇక్కడ వానాకాలంలో అంత వేస్తే గీత చెమ్మ పీల్చి పక్కకు పాకుతుంది, సన్నగా తీసిన ఆకు కొన మొద్దుబారుతుంది.

నిజామాబాద్ అక్క:
పాకితే అది నీళ్లెక్కువై. పంచదార మీద నెట్టకండి. పంచదార లేకపోతే గీత సాగదు, మధ్యలో తెగుతుంది.

వరంగల్ క్లాసులు:
పంచదార గొడవ తర్వాత. ఆ అమ్మాయికి ఇంకా గీతే రాదు. మొదటి 15 రోజులు డిజైన్ కాగితం మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, దాని మీద గియ్యాలి, తుడవాలి, మళ్లీ గియ్యాలి. మొన షీటును తాకకూడదు. రెండు మూడు మిల్లీమీటర్ల పైనుంచి దారం పరిచినట్టు గీత పడాలి. గీత వంకర్లు తిరుగుతుంటే నొక్కు ఎక్కువ, చెయ్యి నెమ్మది. తెగుతుంటే చెయ్యి తొందరపడుతోంది. తుడిచిపారేసే దానికి పది ఇరవై రూపాయల కోన్ చాలదా?

ఆషాఢం:
అమ్మమ్మలు ఆకు నూరి అరచేతిలో చందమామ పెట్టుకుంటే పండలేదా?

విశాఖ గోరింట:
షీటు మీద సరే మేడమ్. మీ కోర్సులో 16వ రోజునుంచి అదే కోన్ మనుషుల చేతుల మీదికి వస్తోంది కదా? నెలల తరబడి అల్మరాలో ఉన్నా పాడవని కోన్‌లో ఉన్నది ఉత్త గోరింటాకు కాదు. కలిపిన ముద్ద ఫ్రిజ్‌లో పెట్టినా నాలుగైదు రోజులే, ఆ తర్వాత ఫ్రీజర్ తప్పదు. పది నిమిషాల్లో ముదురెరుపు రావడం కూడా ఆకు పని కాదు. అసలుది తీయగానే నారింజ రంగులో ఉంటుంది, 24 నుంచి 48 గంటల్లో పండుతుంది.

వరంగల్ క్లాసులు:
పెళ్లివాళ్లు అప్పటికప్పుడు ఎర్రగా కనపడాలంటారు. రెండు రోజులాగమంటే డబ్బులు తగ్గించి ఇస్తారు, మా పిల్లలకు జరిగింది. నా దగ్గరికొచ్చే ఆడపిల్లలకు ఇల్లు గడవాలి. పెళ్లిళ్ల నెలలు దాటితే చేతిలో పనుండదు. ముద్ద కుదిరేదాకా ఆర్నెల్లు ఆగమనడం వాళ్ల నోటికాడ కూడు లాగడమే.

విశాఖ గోరింట:
ఆగమనట్లేదు. 16వ రోజునే ఆర్డరు తీసుకోనివ్వండి. నల్ల మెహందీలో తరచూ పీపీడీ అనే, తలరంగుల్లో వాడే రసాయనం కలుస్తుంది. చర్మం బొబ్బలెక్కి, ఒక్కోసారి మచ్చ మిగిలిపోతుంది. ఒకసారి పడనివాళ్లకు తర్వాత తలకు రంగేసుకున్నా అదే బాధ. లోపలేముందో తెలియని కోన్ పెళ్లికూతురి చేతిమీద పెట్టించడమే నా అభ్యంతరం. 100 గ్రాముల పొడికి పాతిక గ్రాముల కోన్లు 14 దాకా వస్తాయి, ఖర్చు మీరే లెక్కేసుకోండి. పెళ్లికి రెండు రోజుల ముందు పెట్టి, తీశాక 12 గంటలు నీళ్లు తగలనివ్వొద్దని చెప్పడం కూడా పనిలో భాగమే.

వరంగల్ క్లాసులు:
రెండు రోజుల ముందు అమ్మాయిని ఎవరు కూర్చోనిస్తారండీ? మెహందీ ఫంక్షన్ ముందురోజే పెడతారు.

నిజామాబాద్ అక్క:
ముందురోజైనా పొద్దున్నే మొదలుపెట్టండి. నిమ్మరసం, పంచదార నీళ్లు దూదితో అద్ది, ఆరేడు గంటలుంచండి. పెళ్లి టైముకు అరచేయి బాగానే పండుతుంది, చెయ్యి వెనకవైపు మాత్రం లేతగానే ఉంటుంది. పంచదార 30 గ్రాములే.

కొత్తచెయ్యి:
షీటు మీద షాపు కోన్, చేతి మీద కలిపింది. చెల్లికి అలాగే చెప్తాను. మాది కాకినాడ. పంచదార ఎంత వెయ్యమంటారు?

విశాఖ గోరింట:
15.