మిగిలిన కూరగాయల సూప్: ముందు వేయించాలా, నేరుగా ఉడికించాలా?

ఆకలేస్తోంది:
ఫ్రిజ్ అడుగున రెండు వడిలిన క్యారెట్లు, సగం ఉల్లిపాయ, ఒక టమాటా, క్యాబేజీ ముక్క, ఓ బంగాళాదుంప పడున్నాయి. వీటితోనే, కొత్తగా ఏమీ కొనకుండా సూప్ చేయాలి. పోయినసారి చేస్తే కూరగాయలు కడిగిన నీళ్ళలా వచ్చింది. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

గరిటె:
అన్నీ ఒకేసారి నీళ్ళలో పడేసి ఉంటారు, అదే తప్పు. నీళ్ళ వేడి 100 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, కూరగాయ ఎర్రబడి కమ్మటి వాసన రావాలంటే దాదాపు 140 కావాలి, గంటసేపు మరిగించినా ఆ రుచి రాదు. చెంచాడు నూనెలో ఉల్లిపాయ, క్యారెట్ పది నిమిషాలు సన్నని సెగ మీద వేయించండి. అడుగున అంటుకున్న గోధుమరంగు పొర మీద కాసిని నీళ్ళు పోసి గీకండి, అసలు రుచి దాంట్లోనే ఉంది. తర్వాత టమాటా, దుంప. క్యాబేజీ చివరి పది నిమిషాల్లోనే, ఎక్కువ ఉడికితే వాసన కొడుతుంది. దుంప మెదిపితే చిక్కదనం వచ్చేస్తుంది, క్రీమ్ అక్కర్లేదు. తొక్కలు కూడా పారేయకండి, విడిగా ముప్పావుగంట మరిగించి వడకట్టి ఆ నీళ్ళే పోయండి.

రెండోషిఫ్ట్:
రెండు గిన్నెలు, రెండు పొయ్యిలు, గంట పైన గ్యాస్. ఇది పొదుపా గరిటె గారూ? కుక్కర్‌లో అన్నీ వేసి మూడు విజిల్స్, మెదిపి ఉప్పు, మిరియాలు, దించాక నిమ్మరసం. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. అయినా కుక్కర్‌లో వేడి 100 దగ్గర ఆగదండీ, 120 దాకా వెళ్తుంది.

గరిటె:
120 అయినా 140 కాదు కదా.

రెండోషిఫ్ట్:
థర్మామీటర్ పెట్టుకుని తింటారా మీ ఇంట్లో? ఇంకోటి, తొక్కలేంటి? మట్టి తాగమంటున్నారా?

గరిటె:
కడగమని కూడా చెప్పాలా? నేనన్నది ఉల్లి తొక్క, రంగు కోసం.

రెండోషిఫ్ట్:
"తొక్కలు కూడా" అని రాశారు. పైనే ఉంది, మళ్ళీ చదువుకోండి.

నీలికుండ:
మీ గొడవ మధ్యలో ఒక మాట. ఆకుపచ్చగా మారిన దుంప తొక్క మాత్రం వద్దు, అందులోని సొలనిన్ అనే విషపదార్థం ఉడికించినా పోదు. బూజు పట్టిన టమాటా అయితే మొత్తం పారేయడమే. మిగిలిన సూప్ రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి, మూడు నాలుగు రోజుల్లో తినేయండి.

గరిటె:
సరే. కానీ కుక్కర్‌లో మెదిపిన సూప్‌ని సూప్ అనకండి. ఆసుపత్రి తిండి అది. శ్రద్ధ లేని వంట రుచి అలాగే ఉంటుంది.

రెండోషిఫ్ట్:
శ్రద్ధా? రాత్రి పదింటికి ఇంటికొస్తాను, వచ్చేసరికి పిల్లలు సగం నిద్రలో ఉంటారు. నన్ను సన్నని సెగ దగ్గర నిలబడి శ్రద్ధ చూపించమంటున్నారు. మా ఆయనా అంతే, రుచి మీద ఉపన్యాసం ఇస్తారు, చాకు మాత్రం ముట్టుకోరు. సలహాలిచ్చే వాళ్ళెవరూ గిన్నెలు తోమరు.

గరిటె:
మీ ఆయన మీద కోపం నా మీద చూపించకండి. నాకు ఏడాదిగా ఉద్యోగం లేదు. కూరగాయలు నాకు మిగలవు, మిగిలేది తొక్కలే. ఉన్నదల్లా టైమ్. ఆ ముప్పావుగంట మరిగిస్తేనే తిన్నట్టుంటుంది, లేకపోతే ఏదో కడుపు నింపుకున్నట్టుంటుంది.

రెండోషిఫ్ట్:
ఆ ముక్క మొదటే చెప్పొచ్చుగా. మీకు టైమ్ ఉంది డబ్బు లేదు, నాకు టైమే లేదు. శ్రద్ధ లేదనడం మాత్రం తప్పు. అయినా సరే, తొక్కలు వేయను.

గరిటె:
ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. సెలవు రోజు ఉల్లిపాయలు ఎక్కువ వేయించి ఫ్రీజర్‌లో పెట్టుకోండి మరి.

రెండోషిఫ్ట్:
సెలవు రోజు కూడా నేనేనా?

ఆకలేస్తోంది:
చేశానండీ. కుక్కర్‌లోనే ముందు ఉల్లిపాయ వేయించి, మిగతావన్నీ దాని మీదే వేసి మూత పెట్టాను. బాగా వచ్చింది, ఉప్పు ఎక్కువైంది. ఇంకో దుంప వేస్తే ఉప్పు లాగేస్తుందంటారు, నిజమేనా?

గరిటె:
ఉప్పొక్కటే లాగదు, ఉప్పునీళ్ళు పీలుస్తుంది, మిగిలింది అంతే ఉప్పగా ఉంటుంది. నీళ్ళు పోయండి.

రెండోషిఫ్ట్:
ఇది మాత్రం కరెక్ట్. వేణ్ణీళ్ళు.