అప్‌డేట్: మోకాలి కట్టు ఉన్న కుర్రాడితో మా తమ్ముడి పోటీ

కిందటి నెల అడిగాను కదండీ, జూడోలో ఎదుటివాడు మోకాలికి కట్టుతో వస్తే, రూల్ ఒప్పుకున్నా ఆ కాలినే పదేపదే స్వీప్ చేయడం (కాలితో ఊడ్చి పడగొట్టడం) న్యాయమా అని. మొన్న అమలాపురంలో మా తమ్ముడికి సరిగ్గా అదే ఎదురైంది.

ముందురోజు కోచ్ గారు 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్ ఫైనల్ గురించి చెప్పారు. జపాన్ జూడో ఆటగాడు యమషితా కుడి పిక్క దెబ్బతిని కుంటుతూ వచ్చాడు. అతనితో తలపడిన ఈజిప్టు రష్వాన్, ఆ కాలి మీద పడి గెలవడం తనకిష్టం లేదన్నాడు. వెండితో సరిపెట్టుకున్నాడు.

తమ్ముడు ఆ కుర్రాడి కట్టు ఉన్న కాలిని పూర్తిగా వదల్లేదండి. సందు దొరికినప్పుడు ఒక్కసారి, పడగొట్టడానికే ఊడ్చాడు. నొప్పి పెట్టాలని తన్నలేదు. నాకు తేడా అక్కడే కనిపించింది. చివరికి మావాడే వాజా-అరితో (జూడోలో పూర్తి పాయింటు కన్నా తక్కువ స్కోరు) ఓడిపోయాడు. అమ్మకీ నాకూ బాధే. ఆ కుర్రాడిది రాజోలట, ఆదివారం మావాడితో ప్రాక్టీసుకి వస్తానన్నాడు.