యానిమేషన్ సినిమాల్లో సిటీకొచ్చిన పిల్లలకు అద్దె ఎవరు కడతారు?

రాత్రిపిట్ట: 'కికీస్ డెలివరీ సర్వీస్' (1989) మళ్లీ చూశా. 13 ఏళ్ల మంత్రగత్తె పిల్ల చీపురెక్కి ఊరుకాని ఊరొస్తే, మొదటిరోజే బేకరీ ఆవిడ పైగది ఇచ్చేస్తుంది. అద్దె బాధ లేకపోతే "నేనెవరు" అని ఎవరైనా తీరిగ్గా వెతుక్కుంటారు.

కిటికీసీటు: ఊరికే ఇవ్వలేదండీ, కొట్టు పని చేస్తే గది. వానలో తడిసి ముద్దయి ఒక బామ్మగారి వంటకం ఆవిడ మనవరాలికి డెలివరీకి తీసుకెళ్తే, ఆ పిల్ల నాకిది ఇష్టం లేదని మొహం మాడ్చుకుని తలుపేసుకుంటుంది. తర్వాత జ్వరం, ఆపైన ఎగరడమే రాదు, తనతో మాట్లాడే పెంపుడు పిల్లి మాట కూడా అర్థం కాదు. సిటీ సులువని ఎక్కడ చూపించారు?

రాత్రిపిట్ట: జ్వరమొస్తే జావ తెచ్చిందెవరు? ఆ బేకరీ ఆవిడే. నాకు జ్వరమొచ్చినప్పుడు ఇంటి ఓనరు తలుపు కొట్టింది అద్దె కోసం.

మధ్యలోవాడు: 'జూటోపియా'లో పోలీసు ఉద్యోగానికి సిటీకొచ్చిన కుందేలు జూడీ గది చూడండి, పక్కవాళ్ల అరుపులన్నీ గోడలోంచి వినిపిస్తాయి 😀

రాత్రిపిట్ట: అది నవ్వించడానికి పెట్టింది.

కిటికీసీటు: మీరు అద్దె పట్టుకుని వేలాడుతున్నారు. 'స్పైడర్‌మ్యాన్: ఇంటు ద స్పైడర్‌వర్స్' (2018)లో మైల్స్ ఉండేది సొంత సిటీలో, అమ్మానాన్న అక్కడే. అయినా కొత్త స్కూల్లో ఇమడలేక, బయటికి పంపేస్తారనే ఆశతో పరీక్షలో అన్నీ కావాలనే తప్పు రాస్తాడు. వాడి బాధ గది గురించా?

రాత్రిపిట్ట: వాడికి సాలీడు కుట్టి శక్తులొచ్చాయి! కికీకేమో పుట్టుకతోనే ఎగరడం! ఏ విద్యా లేనివాళ్లు ఏం కావాలి? బొమ్మలు నేర్చుకుందామని సిటీకెళ్లా, నా చెయ్యి అంతంతమాత్రమేనని అక్కడే తెలిసింది, ఇప్పుడు డేటా ఎంట్రీ. ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు.

కిటికీసీటు: అసలు సంగతి ఇదన్నమాట, ఇంతసేపూ అద్దె గోల దేనికి? ఎగరలేని ఆ రోజుల్లో, అడవిలో బొమ్మలేసే అమ్మాయి కికీతో తనకూ ఒక్కోసారి గియ్యడం రాదని, అప్పుడు మానేసి తిరుగుతానని, కునుకు తీస్తానని చెబుతుంది. నాకు సినిమా అంటే ఆ భాగమే.

రాత్రిపిట్ట: చివరికి మళ్లీ ఎగురుతుందిగా. కొట్లో రొట్టెలమ్ముకుంటూ ఉండిపోతే ఎవరు తీస్తారా సినిమా? మీరు చూస్తారా?

కిటికీసీటు: చూస్తా. రొట్టెలమ్మడం ఓడిపోవడమని ఎందుకనుకుంటున్నారు?

రాత్రిపిట్ట: మీరేం చేస్తుంటారు?

కిటికీసీటు: పిల్లల పుస్తకాలకు బొమ్మలేస్తా. దానికీ దీనికీ ఏం సంబంధం?

రాత్రిపిట్ట: సరిపోయింది.